పసిపిల్లల బొమ్మలు కడగడం, ఆరబెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాకే వయసులో పిల్లలకు ఏ వస్తువు దొరికినా నేరుగా నోట్లోకే పోతుంది. అందుకే బొమ్మల శుభ్రం గురించి తల్లులకు అంత టెన్షన్. మన నెల్లూరు, ఒంగోలు వైపు ఉక్క, బోరు నీళ్ళు, కార్తీకంలో వదలని ముసురు, ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. నేను గట్టిగా నమ్మేది ఒకటే. సబ్బుతో బాగా కడిగి, లోపలి దాకా ఆరబెడితే చాలు, మందులతో పని చాలా తక్కువ పడుతుంది. మన ఊళ్ళలో కడగడం కంటే ఆరబెట్టడమే కష్టం కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ రాశాను.

బొమ్మల్ని ఎన్నాళ్ళకొకసారి కడగాలి?

నోట్లో పెట్టుకునేవి, అంటే గిలక్కాయలు, కొరికే రింగులు, చిన్న ప్లాస్టిక్ బొమ్మల్ని రోజూ సాయంత్రం ఒకసారి సబ్బు నీళ్ళతో కడిగితే మంచిది. నేల మీద ఆడుకునే పెద్ద బొమ్మలకు వారానికోసారి చాలు. టెడ్డీ లాంటి మెత్తటి బొమ్మల్ని నెలకోసారి ఉతకండి. రోజూ చంకలో పెట్టుకుని తిరిగేదైతే పదిహేను రోజులకోసారి. వాంతి అయినా, విరేచనం అంటినా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా ఈ లెక్కలు పక్కన పెట్టి అప్పటికప్పుడు కడగాలి. అలాగని బొమ్మ చేతిలోంచి జారిన ప్రతిసారీ పరుగెత్తక్కర్లేదు. ఇంట్లో నేల మీద పడింది వేరు, వీధిలోనో ఆసుపత్రి వరండాలోనో పడింది వేరు.

డెట్టాల్ నీళ్ళలో ముంచి తీస్తే సరిపోదా?

సరిపోదు. చొంగ, పాల మరక, చేతి జిడ్డు బొమ్మ మీద పొరలా పట్టి ఉంటాయి. ఆ పొర పోకుండా ఏ మందు వేసినా అడుగున ఉన్న క్రిముల దాకా సరిగ్గా చేరదు. ముందు సబ్బుతో రుద్ది కడగాలి. మందు అవసరమైతే ఆ తర్వాతే. ఇంకో సంగతి, డెట్టాల్‌లో ఉండే క్లోరోజైలెనాల్ నోట్లోకి పోవాల్సిన పదార్థం కాదు. గుడ్డ బొమ్మ ఆ నీళ్ళను పీల్చుకుంటుంది, ఎంత జాడించినా వాసన వదలదు, మళ్ళీ అదే బొమ్మను బిడ్డ చప్పరిస్తుంది. మామూలు రోజుల్లో బొమ్మలకు డెట్టాల్ వద్దనే నా సలహా.

టెడ్డీబేర్‌ని చేత్తో ఎలా ఉతకాలి?

ఉతికే ముందు ఒక్క నిమిషం దాన్ని చేతుల్లోకి తీసుకుని చూడండి. కళ్ళు, ముక్కు గట్టిగా ఉన్నాయా, కుట్లు ఎక్కడైనా విడిపోయాయా అని లాగి చూడండి. వదులైన కన్ను నీళ్ళలో ఊడుతుంది, తర్వాత బిడ్డ నోట్లోకి పోతుంది. విడిపోయిన కుట్టును ముందే సూదీ దారంతో వేసేయండి. లోపల బ్యాటరీ పెట్టె ఉంటే తీసేయండి. అది తీయడానికి రాకపోతే ఆ బొమ్మను తడపకూడదు.

తర్వాత మిద్దె మీదికి తీసుకెళ్ళి బాగా దులపండి. దుమ్ముతోనే నీళ్ళలో ముంచితే అది బురదై లోపలికి దిగుతుంది. బక్కెట్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి చెంచాడు లిక్విడ్ సబ్బు కలపండి. సబ్బు ఎక్కువైతే జాడించడానికే గంట పడుతుంది. పదిహేను నిమిషాలు నాననిచ్చి, చేత్తో అదుముతూ వదులుతూ ఉండండి. పొట్ట దగ్గర నొక్కినప్పుడు బూడిద రంగు నీళ్ళు వస్తాయి, అవి వచ్చినన్ని సార్లు నొక్కండి. మూతి, చెవులు, చేతుల చివర్లు బిడ్డ ఎక్కువగా చప్పరించే చోట్లు కాబట్టి అక్కడ మెత్తటి పాత టూత్ బ్రష్‌తో వెంట్రుకలు ఉన్న వైపుగా రుద్దండి. నురగ పూర్తిగా పోయే వరకు మూడు నాలుగు నీళ్ళు మార్చి జాడించండి.

మెలిపెట్టి పిండకూడదు. మెలిపెడితే లోపలి ఫైబర్ ఉండలు కట్టి, పొట్ట ఒక పక్కకు పోతుంది. పొడి తువ్వాలులో చుట్టి, మోకాలితో మెల్లగా ఒత్తితే నీళ్ళన్నీ తువ్వాలు పీల్చుకుంటుంది.

వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చా?

లేబుల్ మీద తొట్టి గుర్తు ఉంటే వేయొచ్చు. తొట్టిలో చెయ్యి గీసి ఉంటే చేత్తో మాత్రమే ఉతకాలి. తొట్టి మీద ఇంటూ గుర్తు ఉంటే తడపకూడదు. వేసేటప్పుడు బొమ్మను దిండు గలీబులో పెట్టి మూతి కట్టి, రెండు తువ్వాళ్ళతో కలిపి తక్కువ వేగం మీద తిప్పండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు, దాని వాసన, పూత గుడ్డ మీద మిగిలిపోతాయి.

మాది బోరు నీళ్ళు, సబ్బు నురగే రాదు. ఏం చేయాలి?

కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు ఇది అందరికీ ఉన్న బాధే. ఉప్పు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టెలా మారతాయి. ఆ తెట్టె బొమ్మ వెంట్రుకల్లో ఉండిపోయి ఆరాక గరుకుగా, పొడిపొడిగా తగులుతుంది. బట్టల సబ్బు బిళ్ళ కంటే లిక్విడ్ డిటర్జెంట్ ఈ నీళ్ళలో మేలు. ఉతకడం బోరు నీళ్ళతోనే కానిచ్చి, చివరి జాడింపుకు మాత్రం ఒక బక్కెట్ మంచినీళ్ళు వాడండి, లేదా పట్టి ఉంచుకున్న వాన నీళ్ళు. గరుకు మరీ ఎక్కువైతే ఆ చివరి బక్కెట్లో రెండు చెంచాల వెనిగర్ కలపొచ్చు. బ్లీచ్ వాడిన రోజు మాత్రం వెనిగర్, నిమ్మరసం దగ్గరికి కూడా రానీయకండి. ఎందుకో కింద రాశాను. మీ వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ గురించి భయపడేవాళ్ళకు ఒక మాట: అది తాగే నీటి సమస్య, బొమ్మలు కడగడానికి ఇబ్బంది లేదు.

పైన ఆరినట్టే ఉంటుంది కానీ రెండు రోజులకు ముక్కవాసన. ఎందుకు?

లోపల ఆరలేదు కాబట్టి. మిగతా ఆంధ్రకు వానాకాలం జూన్ నుంచి సెప్టెంబరు అయితే, మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. వాయుగుండం పడితే మూడు నాలుగు రోజులు ఎండే ఉండదు, సముద్రపు గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. ఆ రోజుల్లో ఉతికిన టెడ్డీ పొట్టలో తడి నిలిచిపోయి బూజు పుడుతుంది. ఉతకని బొమ్మ కంటే ఇలా అరకొరగా ఆరిన బొమ్మే బిడ్డకు ఎక్కువ చేటు.

ముసురు పట్టే సూచన ఉంటే మెత్తటి బొమ్మల జోలికి పోకండి, పైపైన తడిగుడ్డతో తుడిచి ఆపేయండి. తప్పనిసరిగా ఉతకాల్సి వస్తే తువ్వాలుతో రెండుసార్లు ఒత్తి, ఫ్యాను కింద నులక మంచం మీద పెట్టండి. నులక సందుల్లోంచి గాలి అడుగు నుంచీ ఆడుతుంది. నులక మంచం లేకపోతే ప్లాస్టిక్ బుట్టను బోర్లించి దాని మీద పెట్టండి. రెండు మూడు గంటలకోసారి తిప్పుతూ, లోపలి ఫైబర్‌ను వేళ్ళతో చిదిపి వదులు చేస్తూ ఉండండి. చెవి పట్టి దండేనికి వేలాడదీస్తే నీళ్ళన్నీ కాళ్ళలోకి దిగి అక్కడే నిలుస్తాయి, పైగా చెవి సాగుతుంది.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి పొట్టను గట్టిగా నొక్కి చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. చంకల దగ్గర, మెడ కుట్టు దగ్గర పొడి టిష్యూ కాగితం పెట్టి నొక్కి చూడండి. కొన్ని చవక బొమ్మల్లో ఫైబర్ బదులు స్పాంజి ముక్కలు నింపుతారు. అవి నీళ్ళను ఒక పట్టాన వదలవు, కాబట్టి అలాంటివి మార్చి నుంచి జూన్ మధ్యలో మాత్రమే ఉతకండి.

ఎండలో పెడితే క్రిములన్నీ చస్తాయి కదా?

ఎండ మంచిదే. తేమను లాగేస్తుంది, ఎండ నేరుగా తగిలిన చోట కొన్ని క్రిములు చస్తాయి. కానీ ఆ వెలుగు బొమ్మ లోపలికి పోదు. ఉతకకుండా ఎండలో పెట్టినంత మాత్రాన శుభ్రమైనట్టు కాదు. ఉతికాక ఉదయం ఎండలో రెండు వైపులా మార్చి పెట్టండి. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం మిద్దె మీద వదిలేస్తే రంగు వెలుస్తుంది, ప్లాస్టిక్ పెళుసుగా మారి పగుళ్ళిస్తుంది. బయట ఆరేసినప్పుడు పిల్లులు, కాకుల మీద ఓ కన్నేసి ఉంచండి, పల్చటి నూలు గుడ్డ కప్పితే చాలు.

ఉయ్యాలకు కట్టిన గుడ్డ చిలకల సంగతేమిటి?

ఇది అడిగినవాళ్ళు తక్కువ, అడగాల్సినవాళ్ళు ఎక్కువ. బారసాల నాడు కట్టిన చిలకల గుత్తి ఏడాది దాకా అలాగే వేలాడుతూ ఉంటుంది. ఫ్యాను దుమ్ము దాని మీద పేరుకుని, ఉయ్యాల ఊపినప్పుడల్లా కింద పడుకున్న బిడ్డ ముఖం మీద రాలుతుంది. వారానికోసారి విప్పి, బయటికి తీసుకెళ్ళి దులపండి. వీటిలో చాలా వరకు పాత దూది, రంగు కారే గుడ్డ, అతికించిన అద్దాలు, పూసలు ఉంటాయి కాబట్టి నీళ్ళలో ముంచడం కుదరదు. తడి గుడ్డను బాగా పిండి, దానితో ఒక్కొక్క చిలకనూ తుడవండి. పూస వదులైతే ఆ చిలకను తీసేయండి. బిడ్డ చెయ్యి చాచి అందుకునే వయసు వచ్చాక, అంటే సుమారు ఐదు నెలలకు, మొత్తం గుత్తినే విప్పేయడం క్షేమం.

లక్కపిడతలు, కొయ్య బొమ్మలు నానబెట్టొచ్చా?

నానబెట్టకండి. కొయ్య నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు పగులుతుంది, ఆ పగుళ్ళలో మళ్ళీ మురికి చేరుతుంది. సబ్బు నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టండి. లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మలకు శానిటైజర్ గానీ స్పిరిట్ గానీ అస్సలు తగలనీయకూడదు, లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. మరిగే నీళ్ళు కూడా పూతను పాడుచేస్తాయి. కొండపల్లి బొమ్మలు పొనికి కర్రతో చేసి రంగులు వేసినవి, అవి అలంకారానికే. పసివాళ్ళకు ఇవ్వకుండా అల్మారాలో ఉంచి, పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే సరి. మన ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు పిల్లల చేతికి ఇచ్చే ఇళ్ళలో కూడా ఇదే పద్ధతి: గబగబా కడగాలి, వెంటనే తుడవాలి, నిలబెట్టి ఆరనివ్వాలి.

స్నానంలో ఆడుకునే రబ్బరు బాతులోంచి నల్లటి ముక్కలు వస్తున్నాయి. కడిగితే పోతాయా?

పోవు, పారేయండి. అడుగున కన్నం ఉండి, నొక్కితే నీళ్ళు చిమ్మే బొమ్మల్లో లోపల నీళ్ళు నిలిచి బూజు, క్రిముల పొర కడుతుంది. స్విట్జర్లాండ్, అమెరికా శాస్త్రవేత్తలు 2018లో ప్రచురించిన పరిశోధనలో వాడిన బాతుల్ని కోసి చూస్తే లోపల దట్టమైన పొరలు కనిపించాయి. లోపలికి బ్రష్ పోదు, ఎంత నానబెట్టినా పూర్తిగా రాదు. కొత్తది కొనేటప్పుడు కన్నం లేనిది కొనండి. ఉన్నవాటిని స్నానం అయ్యాక గట్టిగా నొక్కి నీళ్ళు తీసేసి, బాత్రూం బయట గాలి తగిలే చోట పెట్టండి.

పళ్ళొచ్చేటప్పుడు కొరికే రింగుల్ని ఉడకబెట్టొచ్చా?

పూర్తిగా సిలికాన్‌తో చేసినదైతే, ప్యాకెట్ మీద వద్దని రాసి లేకపోతే, మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచొచ్చు. గిన్నె అడుగుకు తగలకుండా చూసుకోండి. లోపల నీళ్ళు, జెల్ ఉన్న రింగుల్ని ఉడకబెడితే పగులుతాయి, వాటికి సబ్బు, గోరువెచ్చటి నీళ్ళు చాలు.

ఇంట్లో విరేచనాలు, లేదా అంగన్‌వాడీలో హ్యాండ్ ఫుట్ మౌత్ (చేతులు, కాళ్ళ మీద, నోట్లో పొక్కులు వచ్చే అంటుజబ్బు) వచ్చింది. అప్పుడు?

అప్పుడు మాత్రం మందు అవసరమే. ఈ జబ్బులు తెచ్చే వైరస్‌లు, రోటా వైరస్ సహా, వస్తువుల మీద రోజుల తరబడి బతుకుతాయి. వీటిలో చాలా వాటి మీద చేతులకు రాసుకునే శానిటైజర్ అంత బాగా పనిచేయదు. సోడియం హైపోక్లోరైట్, అంటే తెల్లబట్టలకు వాడే బ్లీచ్ ద్రవం, పనిచేస్తుంది.

సీసా మీద 4 శాతం అని ఉంటే లీటరు నీళ్ళకు 25 మిల్లీలీటర్లు కలపండి. సబ్బుతో కడిగేసిన ప్లాస్టిక్ బొమ్మల్ని అందులో పది నిమిషాలు ఉంచి, పారే నీళ్ళతో బాగా జాడించి, గాలికి ఆరనివ్వండి. జబ్బు లేని రోజుల్లో, పది ఇళ్ళ పిల్లలు ఆడుకునే బొమ్మలకైతే లీటరుకు 5 మిల్లీలీటర్లు చాలు, రెండు నిమిషాలు ఉంచితే సరిపోతుంది. ఏ రోజు కలిపింది ఆ రోజే పారబోయాలి. చేతులకు గ్లౌజులు వేసుకోండి, కిటికీలు తెరవండి, బిడ్డను ఇంకో గదిలో ఉంచండి.

బ్లీచ్‌లో టాయిలెట్ క్లీనర్, వెనిగర్, నిమ్మరసం ఏదీ కలపకూడదు. ఆమ్లం కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, చిన్న బాత్రూంలో ఊపిరాడదు. నూతులకు వేసే బ్లీచింగ్ పౌడర్ చాలా ఘాటైనది, బొమ్మలకు వాడకండి. మెత్తటి బొమ్మలకు బ్లీచ్ పడదు, వాటిని వేడి నీళ్ళలో ఉతికి, బిడ్డ పూర్తిగా కోలుకునే దాకా పక్కన పెట్టేయండి.

మా బాబుకు ఉబ్బసం. మెత్తటి బొమ్మలు ఇవ్వకూడదా?

ఒకటి రెండు ఇవ్వొచ్చు, మంచం నిండా వద్దు. కంటికి కనిపించని దుమ్ము పురుగులు మన ఉక్క వాతావరణంలో బాగా పెరుగుతాయి, మెత్తటి బొమ్మలు వాటికి ఇష్టమైన చోటు. 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతికితే అవి చస్తాయి. థర్మామీటర్ లేకపోతే మరిగిన నీళ్ళు ఒక వంతు, కుళాయి నీళ్ళు ఒక వంతు కలపండి, ఇంచుమించు ఆ వేడి వస్తుంది. ఆ బక్కెట్ దగ్గరికి పిల్లల్ని రానీయకండి. వేడికి తట్టుకోని బొమ్మ అయితే ప్లాస్టిక్ కవర్లో చుట్టి రెండు రోజులు ఫ్రీజర్‌లో ఉంచండి. పురుగులు చస్తాయి కానీ వాటి మలం, పొట్టు అందులోనే ఉంటాయి, ఉబ్బసం రేపేది అవే. అందుకని బయటికి తీశాక మామూలు నీళ్ళతో ఉతకడం తప్పదు.

పేలు, గజ్జి పట్టిన పిల్లలు ఆడుకున్న బొమ్మలు?

పేను తల వదిలాక రెండు రోజులకు మించి బతకదు. గజ్జి పురుగు కూడా చర్మం వదిలాక రెండు మూడు రోజులే. వేడి నీళ్ళలో ఉతకండి, కుదరకపోతే కవర్లో మూతి కట్టి వారం రోజులు ఎవరికీ ఇవ్వకండి. బిడ్డకు వైద్యం అదే సమయంలో జరగాలి.

మా నాయనమ్మ బొమ్మలకు కూడా సాంబ్రాణి పొగ వేయమంటుంది.

పెద్దవాళ్ళది ప్రేమే, ఆ మాటను కాదనడం కష్టం. కానీ పొగకు బొమ్మలోని క్రిములు పోవు, వాసన మాత్రమే పడుతుంది. పసివాళ్ళ ఊపిరితిత్తులకు పొగ మంచిది కాదు, ఉబ్బసం ఉన్న బిడ్డకైతే ఇంకా చేటు. నాయనమ్మతో వాదించకుండా, ఎండలో బొమ్మలు తిప్పి పెట్టే పని ఆవిడకు అప్పగించండి, ఆ పని ఆవిడ కంటే శ్రద్ధగా ఎవరూ చేయరు. పసుపు నీళ్ళు, వేపాకు నీళ్ళు కూడా సబ్బుకు సాటి రావు. పసుపు మరక ఒక పట్టాన పోదు. వంటసోడా చల్లి గంట ఉంచి దులిపితే వాసన తగ్గుతుంది, క్రిములు చావవు.

బ్యాటరీ బొమ్మలు?

బ్యాటరీలు తీసి, బాగా పిండిన తడి గుడ్డతో తుడవండి. సందుల్లో ఇయర్ బడ్ వాడండి. శుభ్రం చేసేటప్పుడు బ్యాటరీ మూత స్క్రూ బిగుతుగా ఉందో లేదో తప్పక చూడండి. నాణెంలా గుండ్రంగా ఉండే బ్యాటరీని బిడ్డ మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలిన పుండు చేయగలదు. మింగిందని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించాలని చూడకుండా వెంటనే 108కు ఫోన్ చేయండి, లేదా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి.

వరద నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి. బొమ్మలు మిగుల్చుకోవచ్చా?

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు పల్లపు కాలనీల్లో చాలామందికి ఈ పరిస్థితి ఎదురైంది. వరద నీళ్ళలో మురుగు కలిసి ఉంటుంది. ఆ నీళ్ళలో నానిన మెత్తటి బొమ్మల్ని, ఎంత ఖరీదువైనా, బిడ్డకు ఎంత ఇష్టమైనా, పారేయాలి. గట్టి ప్లాస్టిక్, ఉక్కు బొమ్మల్ని సబ్బుతో కడిగి, పైన చెప్పిన ఘాటైన కొలతలో బ్లీచ్ నీళ్ళలో ఉంచి, జాడించి ఆరబెడితే వాడుకోవచ్చు. ఎలుకలు తిరిగిన అటక మీద దొరికిన మెత్తటి బొమ్మకూ ఇదే మాట వర్తిస్తుంది.

తిరునాళ్ళలో కొన్న బొమ్మను నేరుగా ఇవ్వొచ్చా?

జొన్నవాడ, పెంచలకోన తిరునాళ్ళలో అయినా, రొట్టెల పండుగలో అయినా బొమ్మలు రోజంతా దుమ్ములో, వందల చేతుల్లో ఉంటాయి. ముందు కడగండి. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి, రంగు అంటితే నోట్లో పెట్టుకునే వయసు బిడ్డకు ఇవ్వొద్దు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అయింది, ఏడాది లోపు బిడ్డకు కొనేటప్పుడైనా అది చూసి కొనండి.

శుభ్రంగా ఉతికిన టెడ్డీని బిడ్డ పక్కన పడుకోబెట్టొచ్చా?

ఏడాది నిండే దాకా వద్దు. ఎంత శుభ్రమైనదైనా నిద్రలో ముఖం మీద పడితే పసిబిడ్డ దాన్ని తోసుకోలేదు. చీర ఉయ్యాలలోనూ అంతే.

వాడని బొమ్మల్ని ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి దాచాం. రెండో బిడ్డకు తీయొచ్చా?

ఈ ప్రశ్న దగ్గర దయచేసి ఆగి చదవండి. కలరా ఉండల్లో ఎక్కువగా ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్న పిల్లల్లో దాని ఆవిరి రక్తకణాల్ని పగలగొట్టి, రక్తహీనత, తీవ్రమైన కామెర్లు తెస్తుంది. ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువ, పరీక్ష చేయిస్తే తప్ప ఉందో లేదో తెలియదు. లోపం లేని పసికందుకు కూడా ఆ ఆవిరి మంచిది కాదు. అందుకే బిడ్డ బొమ్మలు, బట్టలు, బొంతల మధ్య కలరా ఉండలు ఎప్పుడూ వేయకూడదు. తెల్లగా ఉండే ఆ ఉండను మిఠాయి అనుకుని పెద్దపిల్లలు నోట్లో వేసుకునే ప్రమాదం కూడా ఉంది.

దాచేటప్పుడు బాగా ఉతికి, పూర్తిగా ఆరాక, గట్టి మూత ఉన్న పెట్టెలో పెడితే పురుగు పట్టదు. ఇప్పటికే ఉండలు వేసి ఉంటే వాటిని తీసి, బొమ్మల్ని వాసన పూర్తిగా పోయే దాకా గాలికీ ఎండకూ ఉంచి, రెండు మూడు సార్లు ఉతకండి. ఆ తర్వాత కూడా ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటే వాసన తగులుతుంటే ఆ బొమ్మను పసికందుకు ఇవ్వకండి.